మైసూరులో చదువుకుంటున్న మనవరాలికి



హాస్టల్లో గది కుదిరిందనీ, సాంబారులో బెల్లం వేస్తున్నారనీ మీ అమ్మ చెప్పింది. కొన్నాళ్లకు ఆ రెండూ అలవాటవుతాయి. నీ ఉత్తరంలో నన్ను ఆలోచనలో పడేసినవి చివరి వరుసలు. ఎంబీబీఎస్ సీటు రాలేదు కాబట్టి స్పీచ్ అండ్ హియరింగ్‌లో చేరాననీ, చుట్టాలు "అదేం చదువు, చెవిటి మిషన్లు అమ్ముకోవడమా" అంటున్నారనీ రాశావు. ఈ డిపార్ట్‌మెంట్లు ఇన్నేళ్లలో సాధించిందేమిటి, నాకోసం మిగిలిందేమిటి అని అడిగావు. ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిపినదాన్ని. నీకు జవాబు చెప్పకపోతే ఎలా?

ముందు ఒకావిడ గురించి చెబుతాను. పేరు మారియన్ డౌన్స్. అమెరికాలో డెన్వర్ నగరంలో గృహిణి. పిల్లలు కాస్త పెద్దయ్యాక పైచదువు చదవాలని యూనివర్సిటీకి వెళితే ఎక్కడ చూసినా పెద్ద పెద్ద క్యూలు. స్పీచ్, ఆడియాలజీ బల్ల దగ్గర మాత్రం జనం లేరు. అందుకని అందులో చేరింది. అలా చేరిన మనిషి 1960లలో డెన్వర్ ఆసుపత్రుల్లో అప్పుడే పుట్టిన పిల్లలకు వినికిడి పరీక్ష పెట్టించింది. ఉయ్యాల పక్కన చప్పుడు చేసి, బిడ్డ ఉలిక్కిపడిందా, రెప్ప వేసిందా అని స్వచ్ఛంద కార్యకర్తలు చూసి రాసుకునేవారు. ఆ పద్ధతిలో పొరపాట్లు చాలా వచ్చాయి. నిద్రలో ఉన్న బిడ్డ కదలదు, ఆకలేసిన బిడ్డ చప్పుడు లేకపోయినా కదులుతుంది. అయినా ఆమె అడిగిన ప్రశ్న పోలేదు: బిడ్డకు మాట రావడం లేదని రెండేళ్లకో మూడేళ్లకో తెలుసుకునేకంటే పుట్టినప్పుడే ఎందుకు తెలుసుకోకూడదు?

ఆ ప్రశ్నకు తగిన పరికరానికి దారి 1978లో లండన్‌లో దొరికింది. డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దాన్ని వినడమే కాదు, తానూ ఒక సన్నని శబ్దాన్ని తిరిగి పంపుతుందని కనిపెట్టాడు. నువ్వు క్లినిక్‌లో రోజూ చూసే ఓఏఈ పరీక్ష అదే. చిన్న ప్రోబు చెవిలో పెడితే చాలు, బిడ్డ నిద్రపోతున్నా ఫలితం వస్తుంది. ఇక 1998లో కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం లెక్క తేల్చింది. ఆరు నెలలలోపు లోపం బయటపడిన 72 మంది పిల్లలనూ, ఆ తర్వాత బయటపడిన 78 మందినీ పోల్చి చూస్తే, ముందు బయటపడిన పిల్లల భాష స్పష్టంగా మెరుగ్గా ఉంది. లోపం ఎంత తీవ్రమైనదన్న దానికంటే ఎప్పుడు తెలిసిందన్నదే ఎక్కువ తేడా తెచ్చింది. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వైద్యం, శిక్షణ అని నీ పుస్తకాల్లో ఉండే సూత్రం వెనక ఇంత కథ ఉంది. ఒకరు ప్రశ్న వేస్తే, ఇంకొకరు సాధనం ఇస్తే, మరొకరు రుజువు చూపించారు. మధ్యలో ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాయి. సాధించడం అంటే మా రంగంలో ఇలాగే ఉంటుంది. ఎవరి పేరూ ఊరూరా మోగదు.

నువ్వు చదువుతున్న చోటు కూడా తక్కువది కాదమ్మా. మీ ఆయిష్‌కు, అంటే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు, 1966లో శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన 1918లో అదే మైసూరులో మహారాజా కాలేజీలో తత్వశాస్త్రం చెప్పినవారు, తర్వాత మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్‌చాన్సలర్‌గా పనిచేసినవారు. మన దేశంలో ఈ చదువుకు తొలి బాట వేసిన సంస్థల్లో అది ఒకటి. ముందు మాస్టర్స్ పెట్టి, తర్వాత బీఎస్సీ పెట్టారు, ఎందుకంటే అప్పట్లో చెప్పేవాళ్లే లేరు, ముందు గురువులను తయారుచేసుకోవాలి. ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ 1983లో వచ్చింది. ఆ పేరుగల పెద్దమనిషి హైదరాబాదువాడే, ఉస్మానియాకు వైస్‌చాన్సలర్‌గా చేశాడు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. తెలుగు నేలమీద ఈ వృత్తిలో ఉన్నవాళ్లలో చాలామంది మైసూరులోనో, సికింద్రాబాద్‌లోనో చదివినవాళ్లే.

మైసూరులో నువ్వు కళ్లు తెరిచి చూడాల్సింది తల్లులను. ఊరూ ఇల్లూ వదిలి, బిడ్డను చంకనేసుకుని, థెరపీ కోసం అద్దె గదుల్లో ఉండే తల్లులు నీకు రోజూ ఎదురవుతారు. గంటసేపు థెరపిస్టు చేసే పని గంటలోనే అయిపోతుంది. మిగతా రోజంతా ఆ బిడ్డతో మాట్లాడేది తల్లే. అందుకే ఆ ఊళ్లో తల్లీబిడ్డలు కలిసి కూర్చుని చదివే బడి కూడా ఉంది. కేసు హిస్టరీ రాసేటప్పుడు మేనరికమా అని నువ్వు తప్పకుండా అడగాలి. మన ఇళ్లలో మేనమామ పెళ్లిళ్లు, బావామరదళ్ల పెళ్లిళ్లు తరతరాలుగా ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరూ చక్కగా వినగలిగినా ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డలో బయటపడవచ్చు. కానీ ఆ ప్రశ్న అడిగే గొంతు మీద ఆధారపడి ఉంటుంది, ఆ తల్లి మళ్లీ క్లినిక్ మెట్లెక్కుతుందా లేదా అనేది. ఇంట్లో అత్తగారు అప్పటికే "నీ కడుపున పుట్టాడు కాబట్టే ఇలా" అని ఉంటుంది. దోషం ఒక్కరిది కాదని, ఆ జన్యువు ఇద్దరి దగ్గర నుంచీ రావాలని తండ్రి కూడా ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు చెప్పు.

కాక్లియర్ ఇంప్లాంటు గురించి నీకు ఉత్సాహం ఎక్కువగా ఉన్నట్టుంది. ఉండాల్సిందే. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో గ్రేమ్ క్లార్క్ 1978లో తన తొలి రోగికి బహుళ ఎలక్ట్రోడుల ఇంప్లాంటు అమర్చాడు. ఆయన తండ్రి మందుల షాపు నడిపేవాడు, వినికిడి సరిగా లేదు. చిన్నప్పటి నుంచీ ఆ ఇబ్బంది చూసిన కొడుకు ఈ పని పట్టుకున్నాడు. నత్తగుల్లలా మెలితిరిగిన చెవి లోపలికి తీగ ఎలా పంపాలో తోచక, సముద్రతీరంలో దొరికిన గవ్వలోకి గడ్డిపరక దూర్చి చూసి దారి కనుక్కున్నాడు. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద పేదపిల్లలకు ఈ ఆపరేషన్ ఉచితంగా అయ్యే రోజు వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాంటిది ఊహకు కూడా అందేది కాదు. అయితే ఒక్క మాట చెవిన వేసుకో. ఆపరేషన్‌కు కొన్ని గంటలు పడుతుంది, మాట రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంప్లాంటు స్విచ్ ఆన్ చేసిన రోజు ఆ బిడ్డ వయసు, వినికిడి లెక్కలో, సున్నా. అక్కడి నుంచి మొదలయ్యే పని సర్జన్‌ది కాదు, నీది. బస్సు ఛార్జీలు లేక థెరపీ మానేసిన కుటుంబాలను చూశాను, కేబుల్ తెగిపోతే కొత్తది కొనలేక ప్రాసెసర్‌ను బీరువాలో దాచిపెట్టినవాళ్లనూ చూశాను. అంత ఖరీదైన పరికరం చెవిలో ఉండి కూడా ఆ పిల్లలు మౌనంగానే ఉండిపోయారు. జిల్లా కేంద్రంలో, వీలైతే మండలంలో, నమ్మకంగా దొరికే ఒక్క థెరపిస్టు ఉంటే ఆ కథ మారిపోతుంది. జిల్లాల్లో ఏర్పడ్డ డీఈఐసీలు, అంటే పిల్లల లోపాలను తొలిదశలో గుర్తించే కేంద్రాలు, అందుకోసమే వచ్చాయి. పెద్ద ఊళ్లో పెద్ద క్లినిక్ పెట్టడం తప్పనను. కానీ శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఉన్నంత పని ఎవరికీ ఉండదు.

సాధించినవాటి పక్కనే చేసిన తప్పులు కూడా నువ్వు తెలుసుకోవాలి. ఈ శాస్త్రానికి పుట్టిల్లులాంటిది అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం. ఈ వృత్తివాళ్ల అమెరికా సంఘానికి 1925లో బీజం పడింది కూడా ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే. అక్కడ వెండెల్ జాన్సన్ అనే పెద్ద పరిశోధకుడు ఉండేవాడు. ఆయనకే నత్తి ఉండేది. పెద్దవాళ్లు పదేపదే ఎత్తిచూపడం వల్లే పిల్లల్లో నత్తి స్థిరపడుతుందని ఆయన ఊహ. దాన్ని పరీక్షించడానికి 1939లో ఆయన పర్యవేక్షణలో ఒక విద్యార్థిని అనాథాశ్రమంలోని 22 మంది పిల్లలను తీసుకుంది. వాళ్లలో చక్కగా మాట్లాడే కొందరితో "నీ మాట తడబడుతోంది, సరిగా మాట్లాడలేకపోతే అసలు మాట్లాడకు" అనే ధోరణిలో నెలల తరబడి చెప్పింది. వాళ్లకు నత్తి రాలేదు గానీ నోరు విప్పాలంటే భయం పట్టుకుంది. చదువులో వెనకబడ్డారు, ముడుచుకుపోయారు. 2001లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆ పిల్లలు ముసలివాళ్లయ్యారు.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, అయోవా దాకా పోనక్కర్లేదు, మన వీధి చివర కూడా ఇదే జరుగుతోంది. నూటికి అయిదుగురు పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు తడబడతారు, ఎక్కువమందికి అది తనంతట తగ్గిపోతుంది, పెద్దయ్యాక నూటికి ఒకరికి మిగులుతుంది. ఆ ఒక్కరిని మన బడుల్లో ఇంటిపేరు బదులు 'నత్తోడు' అని పిలుస్తారు. హాజరు పలకడానికి కూడా భయపడి బడి మానేసిన అబ్బాయి ఎంత తెలివైనవాడో ఎవరికీ తెలియకుండానే పోతుంది. థెరపీ గదిలో నువ్వు నేర్పే మెళకువలు సగం పని. ఆ బడికి వెళ్లి పంతులుగారితో మాట్లాడటం మిగతా సగం. నీ సిలబస్‌లో దానికి మార్కులు ఉండకపోవచ్చు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్నకు వస్తాను, నీకు మిగిలిందేమిటి అని. అమ్మలూ, తెలుగు మొత్తం మిగిలి ఉంది.

నువ్వు చదివే పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు పిల్లల మీద రాసినవి. ఇంగ్లీషులో మనిషికి మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందో పరీక్షించడానికి క్యాట్, డాగ్ లాంటి ఒక్క అక్షరపు మాటలు, హల్లుతో ముగిసేవి, వరుసగా చదువుతారు. తెలుగులో అలాంటి మాటలు ఏవి? మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, రోజువారీ మాటల్లో ఎక్కువ రెండక్షరాలో మూడక్షరాలో. అందుకే తెలుగు జాబితాలు రెండక్షరాల మాటలతో కడతారు. ఇక్కడితో అయిపోదు. మన భాషలో అచ్చు పొడవు మారితే అర్థం మారుతుంది, 'పడు' వేరు 'పాడు' వేరు. హల్లు ఒత్తితే అర్థం మారుతుంది, 'అటు' వేరు 'అట్టు' వేరు. నాలుక పళ్లకు తగిలితే 'మందు', అంగిలి వైపు మడిస్తే 'మండు'. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న తాతగారికి ఈ తేడాలు అందుతున్నాయో లేదో తెలియాలంటే ఇంగ్లీషు జాబితాతో ఏం తేలుతుంది?

సకారం సంగతి చూడు. దాని బలమంతా పై పౌనఃపున్యాల్లో, నాలుగువేల హెర్ట్జ్, ఆ పైన ఉంటుంది. ఆ భాగంలో వినికిడి తగ్గిన పిల్లవాడికి బస్సు హారన్ వినిపిస్తుంది, కుక్క మొరుగు వినిపిస్తుంది, అమ్మ కేక వినిపిస్తుంది. కాబట్టి "మావాడికి చెవుడేమీ లేదు, మొండివాడు" అంటారు. బడిలో మాత్రం మాటల్లో సగం ముక్కలు ఎగిరిపోయి అందుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం నిర్వచనం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం దగ్గర మొదలవుతుంది. నలభై అయిదు డెసిబెల్స్ పిల్లవాడు ఆ గీత కింద ఉండిపోతాడు. వెనక బెంచీలో కూర్చోబెడితే రెండేళ్లలో 'మొద్దు' అనిపించుకుంటాడు. వాణ్ని పట్టుకునేది నీ ఆడియోగ్రామ్ ఒక్కటే.

ఇంకొకటి, దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. యాసను దోషంగా రాయకు. ఉత్తరాంధ్ర పిల్ల 'నీల్లు' అంటే అది ఉచ్చారణ లోపం కాదు, ఆ ఇంట్లో అందరూ ళకారాన్ని అలాగే పలుకుతారు. తెలంగాణ పిల్లవాడు 'అచ్చిండు' అంటే వ్యాకరణం రానట్టు కాదు. కోస్తా పుస్తకాల తెలుగును కొలబద్దగా పెట్టుకుని తయారుచేసిన పరీక్షలో ఆ పిల్లలిద్దరికీ తక్కువ మార్కులే వస్తాయి, వాళ్లకు అక్కర్లేని థెరపీ రాస్తారు. దానికి విరుగుడు ఒకటే. కర్నూలులో, కరీంనగర్‌లో, విజయనగరంలో మూడేళ్ల పిల్లలు ఏ శబ్దాలు పలుకుతారు, 'వచ్చాడు, వచ్చింది, వచ్చారు' తేడా ఎప్పుడు పట్టుకుంటారు, 'రా'కీ 'రండి'కీ మధ్య మర్యాద ఎప్పుడు తెలుస్తుంది, ఒత్తులు చదవడంలో ఏ పిల్లలు ఎక్కడ ఆగిపోతారు అని ప్రాంతాల వారీగా కొలిచి పెట్టాలి. మన భాషలో ఇలాంటి పరీక్షలు, కొలతలు చేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల సిద్ధాంత వ్యాసాలు మీ లైబ్రరీలోనే దొరుకుతాయి, ముందు అవి చదువు. కానీ కోట్లమంది మాట్లాడే భాషకు ఆ పని చాలదు. నీ క్లాసులో మలయాళీ, కన్నడ అమ్మాయిలు ఎంత తెలివైనవాళ్లయినా ఈ పని వాళ్లు నీకోసం చేసిపెట్టలేరు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం హియరింగ్ అండ్ స్పీచ్ సైన్సెస్ విభాగంవాళ్లు కార్నెగీ మెలన్‌వాళ్లతో కలిసి ఫ్లుయెన్సీబ్యాంక్ అని తడబాటు మాటల రికార్డింగుల భాండాగారం నడుపుతున్నారు. ప్రపంచంలో ఎక్కడి పరిశోధకుడైనా దాన్ని వాడుకోవచ్చు. తెలుగు పిల్లల మాటలకు అలాంటిది కడితే, రాబోయే తరాల థెరపిస్టులు నీ పేరు తెలియకపోయినా నీ పని మీద నిలబడతారు.

పెద్దవాళ్ల సంగతి మరిచిపోకు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లు, మింగలేక ముక్కులో గొట్టంతో ఉన్నవాళ్లు, గొంతు పోయిన టీచర్లు అందరూ నీ దగ్గరకే వస్తారు. విశాఖ, శ్రీకాకుళం తీరాన ఆడవాళ్లు అడ్డపొగ తాగడం, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని వైద్యులు ఎప్పుడో నిరూపించారు. అంగిలి తీసేసిన మనిషికి కట్టుడు అంగిలితో మళ్లీ మాటలు నేర్పడం మన పనే.

ఇక తెలుగునేల ప్రపంచానికి ఇచ్చిన ఒక గట్టి ఫలితం చెబుతాను. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు ఒకే భాషవాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. చదువురానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ఆ బృందంలో ఉస్మానియా భాషాశాస్త్ర ఆచార్యురాలు దుగ్గిరాల వసంత కూడా ఉన్నారు. తర్వాత 2016లో 608 మంది పక్షవాత రోగులను చూస్తే, తెలివితేటలు చెక్కుచెదరకుండా కోలుకున్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక్క భాషవాళ్లలో 19.6 శాతం. ఇలాంటి పని హైదరాబాదులోనే ఎందుకు కుదిరింది? కిరాణా కొట్టులో తెలుగు, ఆటోలో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే ఊరు కాబట్టి. ప్రయోగశాల కట్టనక్కర్లేకుండా ఊరే సమకూర్చింది.

దీనికి ఆనుకుని నీ తరానికి విదేశాల్లోనూ పని ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు ఇంట్లో పిల్లవాడికి మాట ఆలస్యమైతే, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం వస్తుందనడానికి ఆధారం లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా అది హాని చేస్తున్నట్టు పరిశోధనలు చూపలేదు. ఆ సలహా వల్ల జరిగేదల్లా అమ్మమ్మతో ఆ పిల్లవాడికి మాటలు లేకుండా పోవడం. తెలుగు తెలిసిన స్పీచ్ థెరపిస్టు వీడియోలో దొరికితే ఆ కుటుంబాలకు ఎంత ధైర్యమో. పైచదువుకు అమెరికా వెళ్లాలనుకుంటే వెళ్లు, ఏయూడీ, అంటే ఆడియాలజీలో డాక్టరేటు, చెయ్యి, అక్కడి లైసెన్సు నియమాలు ముందుగా కనుక్కో. ఇక్కడ పనిచేయాలంటే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్, రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డిగ్రీ చేతికి రాగానే ఆ పని చూసుకో.

సంజ్ఞాభాష నేర్చుకో. మా రోజుల్లో చాలా క్లినిక్కుల్లో పిల్లలు చేతులు కదిపితే మందలించేవారు, చేతులు నేర్చుకుంటే నోరు రాదని నమ్మేవారు. బధిరులు అది ఒప్పుకోలేదు, వాళ్ల పోరాటమే గెలిచింది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది, వాళ్ల నిఘంటువు 2021కి పదివేల పదాలకు చేరింది. ఇంప్లాంటు కుదరని పిల్లలుంటారు, కుదిరినా అక్కర్లేదనుకునే బధిర కుటుంబాలుంటాయి. వాళ్లతో నువ్వు వాళ్ల భాషలో మాట్లాడగలగాలి. నా కోరిక ఏమిటంటే, పిల్లలకు మాట నేర్పే మనిషి ఏ పిల్లవాడికీ భాష లేకుండా చేయకూడదు. నోటితోనో చేతులతోనో, ఏదో ఒక భాష ఆలస్యం లేకుండా అందాలి.

దసరా సెలవులకు నువ్వు మైసూరులోనే ఉండి ఊరేగింపు చూడు, అది చూడదగ్గది. సంక్రాంతికి మాత్రం ఇంటికి రా. మన వీధిలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు బాగానే ఉన్నారు, అంగన్‌వాడీ టీచరమ్మతో నేను మాట్లాడి ఉంచుతాను. రికార్డరు తెచ్చుకో. బొమ్మలు చూపించి పిల్లలతో మాట్లాడించి రాసుకోవడం మొదలుపెడదాం. దానికి ముందు మీ మేడమ్‌ని అడిగి తల్లిదండ్రుల అంగీకారపత్రం తెలుగులో తయారుచేయించు. మీ ఎథిక్స్ కమిటీ అనుమతి అవసరమైతే ఇప్పుడే దరఖాస్తు పెట్టు, దానికి నెలలు పడుతుంది. చదవడం రాని తల్లులకు ఆ కాగితం నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు
నీ చిన్నమ్మమ్మ